యేసు ఎలా ప్రార్థించాడు? ఆయన ప్రార్థనల్లో ఏది నియమం, ఏది సందర్భం

“నీ చిత్తమైతే స్వస్థపరచు ప్రభువా” అని అడిగితే అది వినయమా, అవిశ్వాసమా? ఒకే సంగతి కోసం పదిసార్లు మొరపెట్టుకోవడం పట్టుదలా, వ్యర్థమైన మాటలా? తెల్లవారకముందే లేచి చేసేదే అసలైన ప్రార్థనా? విశ్వాసులు ఈ ప్రశ్నల మీద వాదించుకోవడం కొత్తేమీ కాదు. తమాషా ఏమిటంటే, రెండు పక్షాలవారూ చివరికి యేసునే సాక్ష్యానికి పిలుస్తారు. ఒకరు, చనిపోయే ముందురాత్రి “నీ చిత్తమే” అని ఆయన ప్రార్థించిన గెత్సేమనే తోట చూపిస్తే, ఇంకొకరు, చనిపోయిన స్నేహితుణ్ణి లేపే ముందే తండ్రికి కృతజ్ఞత చెప్పిన లాజరు సమాధి చూపిస్తారు.

ఇద్దరూ చదివింది నిజంగా సువార్తల్లో ఉన్నదే. ఒక సన్నివేశాన్ని పట్టుకుని అందరికీ, అన్ని వేళలా వర్తించే నియమంగా బిగించడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఆ సన్నివేశాలన్నిటినీ పక్కపక్కన పెడితే బొమ్మ కాస్త మారుతుంది.

సువార్తల్లో ఉన్నది, లేనిది

యేసు ప్రార్థించాడని చెప్పే చోట్లు చాలా ఉన్నాయి. ఆ ప్రార్థనలో ఏమన్నాడో చెప్పే చోట్లు మాత్రం తక్కువ. లూకా సువార్తనే తీసుకుంటే, బాప్తిస్మం పొందినప్పుడు ప్రార్థించాడు. పన్నెండుమందిని ఎన్నుకునే ముందు కొండమీద రాత్రంతా ప్రార్థించాడు. రూపాంతరం పొందిన సమయంలోనూ ప్రార్థనలోనే ఉన్నాడు. కానీ ఆ రాత్రంతా తండ్రితో ఏం మాట్లాడాడో లూకా ఒక్క ముక్క కూడా రాయలేదు.

మాటలతో సహా మనదాకా వచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. జ్ఞానులకు మరుగుచేసి పసిబాలురకు బయలుపరచినందుకు తండ్రికి చెల్లించిన స్తుతి (మత్తయి 11), లాజరు సమాధి దగ్గర చెప్పిన కృతజ్ఞత (యోహాను 11), “నీ నామం మహిమపరచు” అనే చిన్న ప్రార్థన (యోహాను 12), అప్పగించబడిన రాత్రి చేసిన పొడవైన ప్రార్థన (యోహాను 17), గెత్సేమనే, సిలువ మీద పలికిన మూడు ప్రార్థనలు. వీటిలో ఒక్కదానిలో తప్ప అన్నిటిలోనూ ఆయన “తండ్రీ” అనే పిలిచాడు. ఆ ఒక్కటి “నా దేవా, నా దేవా, నన్నెందుకు చేయి విడిచితివి” అన్న కేక.

ప్రార్థనల్లో రకాలు చెప్పేటప్పుడు కొన్ని మాటలు వాడుతుంటాం. దేవుడు ఎలాంటివాడో చెబుతూ కొనియాడితే స్తుతి. చేసిన మేలుకు కృతజ్ఞత. మన అవసరం కోసం అడిగితే విన్నపం. వేరేవాళ్ల కోసం అడిగితే విజ్ఞాపన. ఈ నాలుగూ యేసు ప్రార్థనల్లో కనబడతాయి. పాపపు ఒప్పుకోలు మాత్రం కనబడదు. “మా ఋణములు క్షమించుము” అనేది శిష్యులు చేయడానికి ఆయన నేర్పిన ప్రార్థన. తన కోసం ఆ మాట ఆయన నోట ఎక్కడా రాలేదు. కాబట్టి “యేసులాగే ప్రార్థించాలి” అనే సలహాను అక్షరాలా పాటించడం ఎవరికీ కుదరదు. ఒప్పుకోలుకు మాదిరి కావాలంటే సువార్తే మరో మనిషిని చూపిస్తుంది. దేవాలయంలో దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటూ “పాపినైన నన్ను కరుణించు” అన్న సుంకరి ఆయన (లూకా 18).

మనం ఉందనుకునేవి లేకపోవడం కూడా గమనించాలి. అరణ్యంలో నలభై దినాలు ఉపవాసం ఉన్నాడని మత్తయి రాశాడు గానీ, అక్కడ ప్రార్థన అనే మాట వాడలేదు. ప్రార్థించి ఉంటాడని అనుకోవడంలో తప్పు లేదు, కాకపోతే అది మన ఊహ. అలాగే రోగుల్ని బాగుచేసేటప్పుడు ఆయన ఎక్కువగా ఆజ్ఞాపించాడు. “లే, నీ పరుపెత్తుకొని నడువు” అనేది ప్రార్థన కాదు, ఆజ్ఞ.

పుట్టినప్పటి నుంచీ విన్న ప్రార్థనలు

యేసు ప్రార్థన ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఆయన యూదుడు. విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లడం ఆయనకు వాడుక అని లూకా చెబుతాడు. “ఇశ్రాయేలూ వినుము” అని మొదలయ్యే యూదుల ప్రార్థన షేమా, కీర్తనలు, భోజనానికి ముందు స్తోత్రం, ఇవన్నీ ఆ సమాజంలో పెరిగిన మనిషికి నోటికి వచ్చేవే. దినానికి మూడుసార్లు ప్రార్థించే అలవాటు దానియేలు గ్రంథంలోనే ఉంది.

ప్రభువు నేర్పిన ప్రార్థన మొదటి రెండు విన్నపాలు, దేవుని నామం పరిశుద్ధపరచబడాలి, ఆయన రాజ్యం రావాలి అనేవి, యూదుల కద్దీష్ ప్రార్థన మొదటి వాక్యాలకు బాగా దగ్గరగా ఉంటాయి. సిలువ మీది మూడు ప్రార్థనల్లో రెండు కీర్తనల నుంచి వచ్చినవే. “నా దేవా, నా దేవా” 22వ కీర్తన మొదటి వచనం. “నీ చేతికి నా ఆత్మను అప్పగించుచున్నాను” 31వ కీర్తనలోది. సొంత మాటలతో చేసేదే ఆత్మతో చేసే ప్రార్థన, పుస్తకంలోది చదివితే నిర్జీవం అనే వాదానికి ఇది గట్టి ఇబ్బందే. ప్రాణం పోయే ఘడియలో ఆయన నోటికి వచ్చింది చిన్ననాటి నుంచీ తెలిసిన వాక్యం.

అటువైపు వాదంలోనూ బలం ఉంది. యోహాను 17 ఏ పుస్తకంలోనుంచీ వచ్చింది కాదు. తన చుట్టూ ఉన్న పదకొండుమందిని, వాళ్ల మాట విని ఇకముందు నమ్మబోయేవాళ్లని మనసులో పెట్టుకుని అప్పటికప్పుడు చేసిన ప్రార్థన అది. రెండు రకాలూ ఆయన దగ్గర ఇమిడాయి. ఒకటి రెండోదాన్ని తోసేయలేదు.

కపెర్నహూములో ఒక తెల్లవారుజాము

మార్కు 1వ అధ్యాయంలోని సంగతిని కాస్త దగ్గరగా చూద్దాం. ముందురోజు సాయంత్రం ఊరంతా సీమోను (పేతురు) ఇంటి గుమ్మం దగ్గర చేరింది. రోగులు, దయ్యాలు పట్టినవాళ్లు. యేసు చాలామందిని బాగుచేశాడు. మర్నాడు ఇంకా బాగా చీకటిగా ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థించాడు. సీమోను, అతనితో ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, “అందరూ నిన్నే వెతుకుతున్నారు” అన్నారు. ఆ మాటలో కాస్త కంగారు, కాస్త ఉత్సాహం రెండూ వినబడతాయి. జనం మళ్లీ పోగయ్యారు, నిన్నటిలాగే చేయవచ్చు కదా!

యేసు జవాబు వేరేలా ఉంది. ఇతర సమీప గ్రామాలకు వెళదాం, అక్కడా ప్రకటించాలి, నేను వచ్చింది అందుకే అన్నాడు.

ఈ భాగం నుంచి సాధారణంగా తీసే పాఠం “పెందలకడనే లేవండి” అని. కథలో బరువు గడియారం మీద ఉందని నాకనిపించదు. ప్రార్థన నుంచి లేచిన మనిషి, జనం కోరిక ఒకటి, తను వచ్చిన పని ఒకటి అని విడదీసి చూడగలిగాడు. వేళ సంగతికొస్తే, ఐదువేలమందికి పంచిపెట్టాక ఆయన కొండెక్కింది సాయంత్రం. గెత్సేమనే రాత్రి. పన్నెండుమందిని ఎన్నుకునే ముందు తెల్లవార్లూ. ఇన్ని వేళలుంటే ఒక్క తెల్లవారుజామునే శాసనంగా ఎలా చేస్తాం? అయితే జనసందోహం పెరిగేకొద్దీ ఆయన ఏకాంతానికి వెళ్లేవాడని లూకా 5వ అధ్యాయం స్పష్టంగా అంటుంది. తీరిక దొరికాక ప్రార్థించడం కాదు, తీరిక లేనప్పుడే పక్కకు తప్పుకోవడం. ఇది మాత్రం ఒక్కసారి జరిగిన సంగతి కాదు, అలవాటు.

భంగిమ గురించి కూడా ఇలాంటి చర్చే ఉంది. యోహాను ప్రకారం ఆయన కన్నులు ఆకాశంవైపు ఎత్తాడు, లూకాలో మోకాళ్లూనాడు, మత్తయిలో సాగిలపడ్డాడు. ఇక దాని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు.

వ్యర్థమైన మాటలు ఏవి, పట్టుదల ఏది

“అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దు” అని మత్తయి 6లో ఉంది. అదే సువార్త 26వ అధ్యాయంలో యేసు మూడోసారి కూడా “ఆ మాటలే చెబుతూ” ప్రార్థించాడని ఉంది. లూకా 18లో న్యాయాధిపతిని వదలకుండా విసిగించిన విధవరాలి కథ చెప్పి, విసుగక నిత్యం ప్రార్థించాలని నేర్పాడు. పైగా “మీరు అడగక మునుపే మీకు ఏవి అక్కరగా ఉన్నాయో మీ తండ్రికి తెలుసు” అన్నది కూడా ఆయనే. తెలిసినవాడిని మళ్లీ మళ్లీ అడగడం ఎందుకు?

మత్తయి 6లోని మాట పూర్తిగా చదివితే కొంత ముడి విడుతుంది. “విస్తరించి మాటలాడితే తమ మనవి వినబడుతుందని వారు తలంచుకుంటారు.” తప్పు లెక్కలో ఉంది, నోటిలో కాదు. రోమీయుల మతంలో ప్రార్థన సూత్రం ఒక్క అక్షరం తేడా లేకుండా చదవాలి. దేవత ఏ పేరుకు పలుకుతుందోనని పేర్లన్నీ వరుసగా చదివేవాళ్లు. పాత నిబంధనలో చూస్తే, కర్మెలు కొండమీద బయలు అనే దేవత ప్రవక్తలు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఒకే కేక వేశారు. వినని దేవుడి చేత మాటల జోరుతో వినిపించుకోవాలనే ప్రయత్నం అది. ముందే విని ఉన్న తండ్రి దగ్గర ఆ జోరుకు పని లేదు.

మాట తిరిగి రావడమే తప్పయితే 136వ కీర్తనను పక్కన పెట్టాల్సి వస్తుంది. దానిలో 26 వచనాలు, ఇరవై ఆరింటిలోనూ “ఆయన కృప నిరంతరముండును” అనే పల్లవే. ఆర్థొడాక్స్ సంఘాల్లో పదేపదే పలికే “యేసు ప్రార్థన” (ప్రభువైన యేసుక్రీస్తూ, నన్ను కరుణించు అనేది) మీద, కేథలిక్కుల జపమాల మీద ప్రొటెస్టెంట్లు ఎత్తే అభ్యంతరం మత్తయి 6లోని ఆ వచనం ఆధారంగానే. లెక్క పూర్తిచేయడమే పుణ్యం అనుకునే ప్రమాదం ఉందని వాళ్లు అంటారు. మనసు చెదరకుండా ఒకచోట నిలబెట్టడానికే ఆ మాట, దేవుణ్ణి ఒప్పించడానికి కాదు అని వీళ్ల జవాబు. మత్తయి 6 కొలమానంతో చూస్తే, ముందే రాసిపెట్టని ప్రార్థన కూడా తప్పించుకోలేదు. ప్రతి వాక్యంలో నాలుగుసార్లు “ప్రభువా, ప్రభువా” అని ఊతపదంగా వాడే ప్రార్థనకూ అదే పరీక్ష.

ప్రభువు నేర్పిన ప్రార్థన విషయంలోనూ ఇలాంటి వాదనే నడుస్తుంది. అది కంఠతా చెప్పాలా, మాదిరిగా మాత్రమే తీసుకోవాలా? మత్తయి పాఠం పొడవు, లూకా 11లోని పాఠం పొట్టి. అక్షరం అక్షరం ఒకేలా ఉండాలన్న పట్టుదల తొలి సంఘానికి లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. మరోపక్క, అపొస్తలుల కాలానికి దగ్గరదైన దిదఖే అనే తొలి క్రైస్తవ రచన ఈ ప్రార్థనను దినానికి మూడుసార్లు చెప్పమంటుంది. మనం చివర కలిపే “రాజ్యము, బలము, మహిమ” అనే మాటలు మత్తయి తొలి రాతప్రతుల్లో లేవు. దాదాపు అలాంటి ముగింపే దిదఖేలో ఉంది. అంటే మొదటి నుంచీ దీన్ని కంఠతా చెప్పారు, అవసరమైన చోట మాట కలిపారు కూడా. గది తలుపు వేసుకుని ఒంటరిగా చేయమన్న వెంటనే నేర్పిన ఈ ప్రార్థనలో “నా” అనే మాట ఒక్కసారీ రాదు. మా తండ్రి, మా ఆహారం, మా ఋణాలు.

గెత్సేమనేలో ఏం జరిగింది

అన్నిటికంటే ఎక్కువ వాదన ఈ తోట చుట్టూనే. మార్కు రాసినది చూడండి: “నాయనా తండ్రీ, నీకు సమస్తమూ సాధ్యం. ఈ గిన్నె నా దగ్గరనుంచి తొలగించు. అయినా నా ఇష్టప్రకారం కాదు, నీ చిత్తప్రకారమే కానివ్వు.” పాత నిబంధన ప్రవక్తల్లో “గిన్నె” చాలాసార్లు దేవుని ఉగ్రతకు గుర్తు. యేసు తొలగించమన్నది అలాంటి గిన్నెను. శ్రమ వద్దు అని సూటిగా అడిగాడు. ముందే లొంగిపోయి, ఊరికే మర్యాదకు అడిగినట్టు లేదు.

మత్తయి ఇంకొక సూక్ష్మమైన తేడా చూపిస్తాడు. మొదటిసారి, “సాధ్యమైతే ఈ గిన్నె తొలగిపోనివ్వు.” రెండోసారి, “నేను దీన్ని తాగితేనే గాని ఇది తొలగిపోవడం సాధ్యం కాకపోతే, నీ చిత్తమే జరగనివ్వు.” రెండింటి మధ్య మెట్టు మారింది. తొలగించమనే కోరిక మాట వెనక్కి జరిగింది, లోబడడం ముందుకొచ్చింది. “నీ చిత్తమే” అనే ఆ మాట తను కొండమీద నేర్పిన ప్రార్థనలోదే. శిష్యులతో “శోధనలో ప్రవేశించకుండా ప్రార్థించండి” అన్నాడు, అదీ అందులోదే. నేర్పినదాన్ని తానే చేయాల్సి వచ్చిన రాత్రి అది. అప్పగించబడే సమయానికి యోహానులో ఆయన మాట, “తండ్రి నాకిచ్చిన గిన్నె నేను తాగకుండా ఉంటానా?” అని.

“నీ చిత్తమైతే” అనడంలో ఉన్న పేచీ

నమ్మి నోటితో పలికితే జరుగుతుందనే “విశ్వాస వాక్కు”ను నొక్కిచెప్పే బోధకుల్లో కొందరు, స్వస్థత కోసం ప్రార్థించేటప్పుడు “నీ చిత్తమైతే” అనకూడదంటారు. వాళ్ల వాదాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. మార్కు 1లో కుష్ఠరోగి “నీకిష్టమైతే నన్ను శుద్ధుణ్ణి చేయగలవు” అన్నాడు. యేసు వెంటనే “నాకిష్టమే” అన్నాడు. ఇష్టం ఏమిటో తేలిపోయాక మళ్లీ “ఇష్టమైతే” అనడం సందేహం కాదా? మార్కు 11లో “అడిగినవి పొందామని నమ్మండి” అని కూడా ఉంది. మరి గెత్సేమనే మాటేమిటంటే, అది తన్ను తాను అప్పగించుకునే ప్రార్థన, వాగ్దానాన్ని అడిగే ప్రార్థన కాదు, రెండింటినీ కలపవద్దు అని వాళ్ల సమాధానం.

రెండో పక్షం ఆ విభజనే ఒప్పుకోదు. గెత్సేమనేలో ఉన్నది స్పష్టమైన విన్నపమే, “తొలగించు” అనే క్రియతో సహా. అపొస్తలుడైన పౌలు, తన శరీరంలో “ముల్లు” అని తాను పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, దొరికిన జవాబు “నా కృప నీకు చాలు.” 1 యోహాను 5 కూడా “ఆయన చిత్తానుసారంగా” అడగమంటుంది. వీళ్ల చేతిలో ఇంకొక బలమైన సంగతి ఉంది. గెత్సేమనేలో “నీకు సమస్తమూ సాధ్యం” అన్న మనిషికి విశ్వాసం తక్కువైందని ఎవరూ అనలేరు. అయినా గిన్నె తొలగలేదు. అడిగింది దొరకలేదంటే నీలో విశ్వాసం లేదని రోగి మంచం పక్కన నిలబడి చెప్పడం ఈ ఒక్క ఉదాహరణ ముందు నిలవదని నా అభిప్రాయం కూడా.

అయితే రెండో పక్షంలోనూ ఒక వంకర ఉంది. “నీ చిత్తమైతే” అనే మాటను కొందరు నిరాశకు ముసుగుగా వాడతారు. జరగకపోయినా దెబ్బ తగలకుండా ముందే పరుచుకున్న పరుపులాగా. యేసు ఆ మాట అన్నది చెమటోడ్చి అడిగిన తర్వాత. అడగడం మానేసి అన్న మాట కాదు.

మరి ఆ ప్రార్థన విన్నట్టా, విననట్టా? హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం ఆశ్చర్యకరమైన మాట రాస్తుంది. మహా రోదనతో, కన్నీళ్లతో మరణం నుంచి రక్షించగలవాడికి ప్రార్థనలు చేశాడు, భయభక్తులు కలిగి ఉన్నందున ఆయన “అంగీకరింపబడ్డాడు.” చనిపోయాడు కదా, మరి అంగీకరించడం ఎలా? మరణం తప్పించడం ద్వారా కాదు, మరణంలోనుంచి లేపడం ద్వారా అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. మరికొందరు, ఆ గిన్నెను తాగే బలం రావడమే జవాబు అంటారు. లూకాలో దూత వచ్చి బలపరచిన వచనం వాళ్లకు ఆధారం, కానీ ఆ వచనం, దాని తర్వాతి వచనం కొన్ని ప్రాచీన ప్రతుల్లో లేవు.

దేవుడైతే ఎవరికి ప్రార్థించాడు?

బయటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. త్రిత్వాన్ని నమ్మే సంఘాల జవాబు: తండ్రి, కుమారుడు వేర్వేరు వ్యక్తులు, స్వభావంలో ఒక్కటే. మనిషైన కుమారుడు తండ్రితో మాట్లాడాడు. ఏకత్వ పెంతెకొస్తు వారు త్రిత్వాన్ని ఒప్పుకోరు. ఆయన మానవ స్వభావం, తనలో నివసించే దైవానికి ప్రార్థించిందని చెబుతారు. యెహోవాసాక్షులకు ఈ ప్రార్థనలే ఆయన దేవునితో సమానుడు కాడనడానికి రుజువు. ముస్లింలు ఒక ప్రవక్త చేసే ప్రార్థనగా చూస్తారు.

త్రిత్వవాదుల్లోనే ఇది తేలడానికి శతాబ్దాలు పట్టింది. 7వ శతాబ్దంలో బైజాంటియన్ చక్రవర్తుల అండతో, క్రీస్తులో ఉన్నది ఒకే చిత్తం అనే బోధ నడిచింది. మాక్సిమస్ అనే సన్యాసి దాన్ని ఒప్పుకోలేదు. ఆయన పట్టుకున్నది గెత్సేమనేనే. “నా ఇష్టం కాదు, నీ చిత్తం” అనాలంటే క్రీస్తులో నిజమైన మానవ చిత్తం ఒకటి ఉండాలి కదా, చావంటే వెనకాడే చిత్తం. ఆ మాట వెనక్కి తీసుకోనందుకు 662లో మాక్సిమస్ నాలుక, కుడిచేయి నరికి దేశం నుంచి వెళ్లగొట్టారు. ఆ ఏడే చనిపోయాడు. 680–681లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభ క్రీస్తులో రెండు చిత్తాలు ఉన్నాయనీ, మానవ చిత్తం దైవ చిత్తానికి ఎదురు తిరగక లోబడిందనీ నిర్ణయించింది. పొడిగా కనిపించే ఈ సిద్ధాంతం ప్రార్థించేవాడికి ఒక వెసులుబాటు ఇస్తుంది. బాధ వద్దనుకోవడం పాపం కాదు. పాపం లేనివాడు కూడా వద్దనే అన్నాడు.

“నా దేవా, నా దేవా” అన్న కేక మీద కూడా రెండు రకాల చదువు ఉంది. 22వ కీర్తన స్తుతితో ముగుస్తుంది కాబట్టి మొదటి వాక్యంతో కీర్తనంతా తలచుకున్నాడని కొందరంటారు. నిజంగానే విడిచిపెట్టబడ్డ వేదన అది, దాన్ని మెత్తబరచవద్దని మరికొందరు. మార్కు, మత్తయి ఆ మొదటి వచనం దగ్గరే ఆపేశారు.

సీమోను కోసం అడిగిందేమిటి

విజ్ఞాపన గురించి చూడాల్సిన ఉదాహరణ లూకా 22లో ఉంది. సాతాను మిమ్మల్ని గోధుమల్లా జల్లించడానికి కోరుకున్నాడని యేసు సీమోనుతో చెప్పి, “నీ నమ్మకం తప్పిపోకుండా నేను నీ కోసం వేడుకున్నాను” అన్నాడు. జల్లెడ రాకుండా చేయమని అడిగినట్టు లేదు. యోహాను 17లోనూ “నీవు లోకంలోనుంచి వీరిని తీసుకొనిపొమ్మని నేను ప్రార్థించడం లేదు” అనే అన్నాడు. మనం ఒకరి కోసం ప్రార్థించేటప్పుడు మొదట అడిగేది సాధారణంగా కష్టం తీసేయమని. యేసు ఇక్కడ అడిగింది వేరు.

కొన్ని గంటలకే సీమోను, యేసు ఎవరో తనకు తెలియదని ముమ్మారు బొంకాడు. అయితే ఆ ప్రార్థన వమ్మయినట్టేనా? యేసు మాట చివరిదాకా చదివితే అలా అనిపించదు. “నీ మనస్సు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచు” అన్నాడు. పడతాడని తెలిసే అడిగాడు, లేచాక చేయాల్సిన పని కూడా అప్పుడే అప్పగించాడు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పదకొండుమందితో లేచి నిలబడి యెరూషలేము జనంతో మాట్లాడింది ఆ సీమోనే.